అచ్చొచ్చిన మొహం

వాళ్ళిద్దరి పరిచయం ఒక తప్పుతో మొదలైంది. ఆ తప్పు ఎవరిదన్నది ఇప్పటికీ తేలలేదు. తేలకపోవడమే మంచిదైంది. తేలిపోయిన గొడవలో ఎవరు మునుగుతారు?

అతనిది రబ్బరు స్టాంపుల కొట్టు. నాలుగంతస్తుల ఆఫీసు భవనంలో, మెట్ల కింద, ఎవరికీ పనికిరాక మిగిలిపోయిన మూల అది. కూర్చున్నంతసేపే కొట్టు, లేచి నిలబడితే నెత్తిన మెట్టు కొట్టుడే. పై అంతస్తుల్లో ఏ గుమాస్తాకి ఏ మాట కావాలన్నా కిందికి దిగొచ్చి అతన్ని అడగాల్సిందే. "అందినది", "పరిశీలించడమైనది", "నిజప్రతి", "తిరస్కరించడమైనది". ఊళ్ళో సగం ఆఫీసులు అతనిచ్చిన మాట మీదే నడుస్తున్నాయి. అందులో ఒక్క మాటా అతనిది కాదు. అందరూ అతన్ని 'స్టాంపు' అనే పిలుస్తారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు కరెంటు బిల్లు మీద తప్ప మరెక్కడా వాడకంలో లేదు.

రబ్బరు మీద అక్షరాన్ని తిరగేసి చెక్కితేనే కాగితం మీద తిన్నగా పడుతుంది. పన్నెండేళ్ళుగా అదే పని. దాంతో అతనికి కళ్ళు తిరిగిపోయాయి. జబ్బు కాదు, అలవాటు. తిరగబడ్డ అక్షరం, తిన్నగా ఉన్న అక్షరం రెండూ అతని కంటికి ఒక్కటే. అద్దంలో పేపరు చూపించినా ఆగకుండా చదివేస్తాడు.

ఆమె రాగిరేకుల మీద బొమ్మలు గీసి అచ్చు తీస్తుంది. రేకుకి నల్లటి మైనం పూసి, దాని మీద సూదితో గీసి, పలచటి యాసిడ్‌లో ముంచుతుంది. గీత పడ్డచోటల్లా యాసిడ్ రాగిని కొరుకుతుంది. ఆ గాట్లలో సిరా నింపి, మీద తడికాగితం పరిచి, రోలర్ ప్రెస్సులో నొక్కితే బొమ్మ దిగుతుంది. అదీ తిరగబడే. పొద్దున పూట బడిలో డ్రాయింగు టీచరు, మధ్యాహ్నం నుంచి ఇంట్లో ముందుగదిలో ఈ పని. ముందుగది నిండా ప్రెస్సే కాబట్టి వాళ్ళింటికి ఎవరొచ్చినా వంటింట్లో కూర్చోవాలి. బడిలో ఆమెకి 'సూది' అని పేరు. చేతిలో ఉన్నదాన్ని బట్టి పెట్టారో, నోట్లో ఉన్నదాన్ని బట్టి పెట్టారో, పెట్టినవాళ్ళు చెప్పలేదు. అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

మూడేళ్ళ కిందట ఆమెకి ఒక చిన్న గుండ్రటి స్టాంపు కావాల్సొచ్చింది. ప్రతి బొమ్మ వెనకా "చేతి అచ్చు" అని గుద్దుకోవడానికి. పలచటి కాగితం మీద అక్షరాలు తనే అందంగా రాసి తీసుకెళ్ళి ఇచ్చింది. రాగిరేకు మీద రాసే అలవాటుకొద్దీ ఆ అక్షరాలు తిరగేసి రాసింది. అతను అలవాటుకొద్దీ అవి తిరగబడి ఉన్నాయని గమనించలేదు, మళ్ళీ తిరగేసి చెక్కాడు. తిరగేసినదాన్ని తిరగేస్తే ఏమవుతుంది? స్టాంపు మీద తిన్నగా కూర్చుంది. కాగితం మీద గుద్దితే తిరగబడింది.

ఆమె నలభై బొమ్మల వెనక ముచ్చటగా గుద్దుకుంది. నలభై సార్లూ చదువుకుంది. ఏ తేడా కనబడలేదు. సాయంత్రం వాళ్ళమ్మ చూసింది. ఆవిడ ముప్పై ఏళ్ళు పాఠ్యపుస్తకాల ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. రిటైరయినా చెయ్యి ఊరుకోక, ఇంటికొచ్చిన పెళ్ళిపత్రికల్లో కూడా తప్పులు దిద్ది పెట్టుకుంటుంది. బొమ్మ వెనక్కి తిప్పి చూసి, ఇది ఏ దేశం లిపే అని అడిగింది.

మర్నాడు పొద్దున్నే సూది నలభై బొమ్మలూ చంకన పెట్టుకుని కొట్టుకి వెళ్ళింది.

"మీరు అక్షరాలు తిరగేశారు."

"తిరగెయ్యడమే కదండీ నా పని."

"నేను తిరగేసే ఇచ్చాను."

"ఆ మాట చెప్పాలి కదండీ."

"చూస్తే తెలీదా?"

"చూశాను. చదివాను కూడా. చక్కగా అర్థమైంది. అందుకే అనుమానం రాలేదు."

ఆమె ఇంకా చాలా అనాలని వచ్చింది. కానీ అక్కడ ఆగిపోయింది. తనకీ అదే జరిగిందిగా. ఆ తప్పుని ఎదురుగా పెట్టుకుని కూడా చూడలేని మనుషులు ఊరు మొత్తం మీద ఇద్దరే ఉంటారు. ఆ ఇద్దరూ ఒకే బల్లకి చెరోపక్క నిలబడ్డారు. అంటే ఆమె నిలబడింది. అతను నిలబడబోయి నెత్తి మెట్టుకి కొట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు. ఆమెకి నవ్వొచ్చింది. కోపంతో వచ్చిన మనిషి నవ్వితే బాగుండదని గోడవైపు తిరిగి నవ్వుకుంది.

అలా స్నేహం కుదిరింది. బుధవారం అతనికి ఒకపూట సెలవు. భోజనం కాగానే వచ్చి ప్రెస్సు చక్రం తిప్పేవాడు. ఆ చక్రం ఆమె ఒక్కతే తిప్పితే భుజాలు పట్టేసేవి. కాగితాలు నానేలోపు ఆమె కూడా అప్పుడప్పుడూ కొట్టుకి వెళ్ళి, కొత్త స్టాంపుల మీద మాటలు చదివి నవ్వేది. మొదటి ఆర్నెల్లూ 'మీరు', 'అండీ' అనే నడిచింది. ఒక బుధవారం ప్రెస్సు రోలరు కింద అతని చొక్కా చెయ్యి ఇరుక్కుంది. "వదులు" అని ఒక్క అరుపు అరిచింది ఆమె. గౌరవవాచకం తగిలించే టైము లేదు. ఆ రోజు ఊడిపోయిన 'అండి' మళ్ళీ దొరకలేదు. ఎవరూ వెతకలేదు కూడా.

అతను ఆమెని ఎప్పుడు ప్రేమించాడో అతనికే తెలీదు. డేటు స్టాంపులు చేసి అమ్మేవాడికి డేటు గుర్తులేకపోవడం విచిత్రమే. చెప్పాలని మాత్రం ఏడాదిగా అనుకుంటున్నాడు. చెప్పడానికి భయం. "తిరస్కరించడమైనది" అన్న మాట రోజుకి రెండు మూడు సార్లు తన చేత్తో చెక్కుతాడు కాబట్టి, అది ఎంత లోతుగా దిగుతుందో అతనికి మిల్లీమీటర్లలో తెలుసు.

ఇంతలో ఊళ్ళో చిత్రకారుల సంఘం వాళ్ళు ఎగ్జిబిషన్ పెడుతున్నామన్నారు. ఈసారి మనుషుల మొహాలే ఉండాలి, అచ్చు తీసినవే ఉండాలి. ఆమె ముందు వాళ్ళమ్మని కూర్చోమంది. నా మొహంలో తప్పులు దిద్దే వయసు దాటిపోయింది, పైగా నేను కదలకుండా కూర్చుంటే ఈ ఇల్లు కదలదు అంది ఆవిడ. దాంతో ఆ కుర్చీ స్టాంపుకి దక్కింది.

ఎనిమిది బుధవారాలు కిటికీ పక్కన కూర్చోబెట్టింది. కదలొద్దు, మాట్లాడొద్దు, నవ్వొద్దు అని మూడు ఆజ్ఞలు. మామూలుగా ఆడపిల్ల వంక కన్నార్పకుండా చూస్తే తంతారు. ఇక్కడ కన్నార్పితే తిట్టింది. ఇంతకంటే అదృష్టం ఏముంటుందని అతను ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చూశాడు. ఆమె కూడా చూసింది, గానీ ఆ చూపులో కొలతే తప్ప కలత లేదు. కనీసం అతనికి కనబడలేదు.

ఆరో బుధవారం వాన పడింది. కిటికీ మూస్తే లైటింగ్ పోతుంది, మూయకపోతే జల్లు కొడుతుంది. బొమ్మకి వెలుతురు ముఖ్యం అంది ఆమె. మనిషి తడిసినా పరవాలేదన్నమాట. అతను కదలకుండా తడిశాడు. కాసేపటికి ఆమె లేచొచ్చి ఒక తువ్వాలు అతని భుజాల మీద కప్పి, అది జారకుండా సర్దుతూ, సర్దడం అయిపోయాక కూడా ఇంకో క్షణం నిలబడి, "నీ ఎడం చెవి కుడిదానికంటే కాస్త కిందికుంది" అంది.

"పుట్టినప్పట్నుంచీనా?"

"నాకు తెలిసి మూడేళ్ళ నుంచి. మాట్లాడొద్దన్నానా?"

ఎనిమిదో బుధవారం సాయంత్రమే మొదటి అచ్చు తీశారు. అతనే చక్రం తిప్పాడు. ఆమె కాగితం అంచు రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా ఎత్తింది. కిటికీ పక్కన ఒక మనిషి కూర్చున్నాడు. జుట్టు సగం తడిసి ఉంది. ఏదో చెప్పాలనుకుని ఆగిపోయిన మొహం. ఒక్కొక్క గీతా వెంట్రుక మందం.

అతను చూసి, అచ్చు గుద్దినట్టు నేనే అన్నాడు. గుద్దినట్టేమిటి, గుద్దాంగా అంది ఆమె. వాళ్ళమ్మ కళ్ళద్దాలు సర్దుకుని చూసి, పోలిక ఉంది గానీ ఇతను కాదు, ఇతని తమ్ముడెవరో అంది. కుడి బుగ్గ మీది పుట్టుమచ్చ ఎడం బుగ్గ మీదికి వెళ్ళింది, పాపిడి అటుదిటు మారింది. ఎడమొహం అంటే ఇదేనా అని కూడా అడిగింది. అచ్చులో కుడి ఎడమవుతుంది కాబట్టి, అతను రోజూ అద్దంలో చూసుకునే మొహమే కాగితం మీదికి వచ్చింది. లోకం చూసే మొహం రాలేదు. మొత్తానికి అచ్చొచ్చింది. ఆ మొహం ఎవరికి అచ్చొచ్చిందో అప్పటికింకా తెలీదు.

"దీనికి పేరేమిటే?" అని అడిగింది వాళ్ళమ్మ.

సూది చేతికంటిన సిరా తుడుచుకుంటూ, తలెత్తకుండా, "స్నేహితుడు" అంది.

ఆవిడ కళ్ళద్దాల మీంచి ఒకసారి కూతుర్నీ, ఒకసారి అతన్నీ చూసింది. ఏమీ దిద్దలేదు.

స్నేహితుడు అన్నది చెడ్డ మాటేం కాదు. నిఘంటువులో ఎంతో మర్యాదగా ఉంటుంది. నలుగురిలో చెప్పుకోవచ్చు. కానీ ఏడాదిగా ఇంకో మాట కోసం ఎదురుచూస్తున్నవాడికి అది బస్సులో కిటికీ పక్క సీటు దొరికి, బస్సు మాత్రం కదలకపోవడం లాంటిది. పైగా ఇది నోటిమాట కూడా కాదు. బొమ్మ కింద రేకు మీదే పేరు చెక్కాలట. దాంతో ముప్పై అచ్చులు తీసి, నంబర్లు వేసి, ఇంకెవరూ తీయకుండా రేకు మీద అడ్డంగా గీత కొట్టేస్తారట. అంటే ముప్పై గోడల మీద అతను స్నేహితుడు. రాగిరేకు మీద రాసిన మాట రాజులు పోయినా పోదు.

అది చాలనట్టు ఆమె ఇంకొకటి అంది. ఊళ్ళో అతనంత బాగా తిరగేసి రాసేవాడు లేడు కాబట్టి, వచ్చే బుధవారం ఆ అక్షరాలు అతనే రాయాలంది. బొమ్మ శుక్రవారం మధ్యాహ్నంలోగా సంఘం ఆఫీసులో ఇవ్వాలి, అక్షరాలు బాగా కుదరాలి అంది. అతను తల ఊపాడు. ఊపాక అర్థమైంది. బుధవారంలోగా నోరు విప్పకపోతే, తను ఆమెకి స్నేహితుడు మాత్రమేనని తన చేత్తో తనే రాగి మీద రాసివ్వాలి.

గురువారం ఆమె కొట్టుకి వచ్చింది. ఇదే అదను అనుకుని గొంతు సవరించుకున్నాడు. సరిగ్గా అప్పుడే పై అంతస్తు గుమాస్తా దిగొచ్చి, "అత్యవసరం" అని ఒక స్టాంపు కావాలి, తొందరేం లేదు అన్నాడు. అక్షరాలు ఏ సైజులో ఉండాలో, పెట్టె గీత ఒకటా రెండా, సిరా ఎరుపా నీలమా అని అతనితో మాట్లాడి పంపేసరికి ఆమె, నా కాగితాలు ఎక్కువ నానిపోతాయి, వెళ్తాను అని వెళ్ళిపోయింది.

శనివారం ఫోను చేశాడు. వాళ్ళమ్మ ఎత్తింది. రేకులు కడుగుతోంది బాబూ, ఏమైనా చెప్పాలా అంది. చెప్పాల్సింది ఆవిడకి చెప్పేది కాదు. తోచక, 'స్నేహితుడు'లో వత్తు ఏం వస్తుందాంటీ అన్నాడు. సకి నవత్తు అని చెప్పి, ఆవిడ ఇంకో ప్రశ్న వేసింది.

"రాక అడుగుతున్నావా, నచ్చక అడుగుతున్నావా?"

"రాకే ఆంటీ."

ఆవిడ సరేనంది. మార్జిన్‌లో ప్రశ్నార్థకం పెట్టి పేజీ తిప్పినట్టు ఉంది ఆ 'సరే'.

మంగళవారం చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాడు. చదువుకుంటే అది దరఖాస్తులా ఉంది. 'ఇందుమూలముగా' అని మొదలైన ప్రేమ ఎంతదూరం వెళ్తుందిలే అని చింపేశాడు.

బుధవారం వచ్చింది. ఆమె రేకుని సిద్ధంగా పెట్టింది. బొమ్మ మొత్తానికి రక్షణగా వార్నిష్ పూసేసి, కింద వేలెడు వెడల్పు పట్టీ మాత్రం నల్లటి మైనంతో వదిలింది. సూది అతని చేతికిచ్చి, నేను కాగితాలు తడుపుకొస్తాను, నువ్వు రాసెయ్యి అని పెరట్లోకి వెళ్ళింది. వాళ్ళమ్మ గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఎవరిదో పెళ్ళిపత్రిక దిద్దుతోంది.

నాలుగు అక్షరాలు. స్నే, హి, తు, డు. పన్నెండేళ్ళ చెయ్యి, ఆగకుండా రాసింది. మైనం కింద నుంచి రాగి ఎర్రగా మెరుస్తూ ఒక్కొక్క అక్షరమే బయటపడింది. రాయడం పూర్తిచేసి సూది కింద పెట్టాడు.

ఆమె వచ్చి చూసింది. చక్కగా ఉందంది. రేకుని యాసిడ్ ట్రేలో దించింది. ఇరవై నిమిషాలు ఇద్దరూ ట్రేలో లేచే బుడగలు చూస్తూ నిలబడ్డారు. తర్వాత రేకు కడిగి, మైనం తుడిచి, సిరా పట్టించి, కాగితం వేసింది. అతను చక్రం తిప్పాడు. ఆమె కాగితం ఎత్తి, కొత్తగా పడ్డ అక్షరాలు చూసుకుని, బాగా వచ్చాయని తృప్తిగా తీసుకెళ్ళి వాళ్ళమ్మకి చూపించింది.

"మళ్ళీ మొదలెట్టారా?" అంది ఆవిడ.

అక్షరాలు తిరగబడి పడ్డాయి. అంటే రేకు మీద అతను తిన్నగా రాశాడు. మామూలు మనిషి ఉత్తరం రాసినట్టు, ఎడమ నుంచి కుడికి, తిన్నగా. ఇద్దరిలో ఒక్కరూ రేకు మీదా గమనించలేదు, కాగితం మీదా గమనించలేదు.

ఆమె ఎనిమిది వారాల పని అది. రాగిని యాసిడ్ ఒకసారి కొరికాక మైనం మీద గీతలా తుడిస్తే పోదు. పదునైన గీకుడు కత్తితో రాగిని గీకి, నున్నటి ఉక్కు కడ్డీతో రుద్ది రుద్ది చదును చెయ్యాలి. ఎల్లుండి మధ్యాహ్నం ఆఖరి గడువు. తిట్టు, ఏదో ఒకటి అను అన్నాడు అతను. ఆమె తిట్టలేదు. కాగితాన్ని బల్ల మీద పరిచి, ఆ నాలుగు అక్షరాల వంకే చూస్తూ అడిగింది.

"పన్నెండేళ్ళలో ఇలా ఎన్నిసార్లయింది?"

"ఒక్కసారి కూడా అవలేదు. నీ స్టాంపప్పుడు కూడా తిరగేసే చెక్కాను."

"మరి ఇవాళేమైంది?"

"అక్షరాల వంక చూడలేదు."

"దేని వంక చూశావు?"

అతను ఇస్త్రీ చొక్కా చేతులు మడత పెట్టుకుంటూ, బల్లకేసి చూస్తూ, మెల్లగా చెప్పాడు.

"మాట వంక. రోజూ ఎన్నో మాటలు చెక్కుతాను. ఏ మాటా నాకు మాటలా కనబడదు, గీతల్లా కనబడుతుంది. అందుకే తిరగేసి రాయగలను. ఇవాళ మాట కనబడింది. కనబడితే ఎవరైనా తిన్నగానే రాస్తారు."

"ఏముంది ఆ మాటలో? తప్పా?"

"తప్పు కాదు. చాలదు."

గుమ్మం దగ్గర వాళ్ళమ్మ లేచి, పొయ్యి మీద ఏదో పెట్టి మర్చిపోయానంటూ వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి వెలిగించే లేదు.

ముందుగదిలో ప్రెస్సు, ఆ ఇద్దరు, మధ్యలో ఆరని కాగితం. ఆమె చేతిగుడ్డ తీసుకుని వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంది. అప్పటికే శుభ్రంగా ఉన్న వేళ్ళు. ఐదో వేలు దాకా వచ్చాక చెప్పింది.

"నాకూ చాలలేదు."

"మరి అదే పేరెందుకు పెట్టావు?"

"ఆ పేరు వద్దని నువ్వే అంటావని. వారం రోజులు చూశాను. నువ్వు మా అమ్మకి ఫోను చేసి వత్తు అడిగావు."

అతను గురువారం గుమాస్తా సంగతి చెప్పబోయాడు. అత్యవసరం అన్నచోట ఆమె చెయ్యెత్తి ఆపింది. ముందుగా నువ్వు అసలు మాట చెప్పు, గుమాస్తా సంగతి తర్వాత వింటాను అంది. అతను చెప్పాడు. కాగితం మీద రాసుకున్నది కాదు, ఇందుమూలముగా లేదు. మూడే మాటలు, అవీ సరైన వరసలో రాలేదు. ఆమె దిద్దలేదు. తనూ అదే అంది, ఇంకా తక్కువ మాటల్లో. వాన పడ్డ ఆరో బుధవారం నుంచే అని కూడా చెప్పింది. ఆమెకి డేటు గుర్తుంది.

తర్వాత ఏం చేశారంటే పని చేశారు. శుక్రవారం మధ్యాహ్నం గడువు అలాగే ఉంది మరి. గురువారం అతను కొట్టు తెరవలేదు. ఆమె బడికి సెలవు పెట్టింది. ఆమె గీకుతుంటే అతను రేకు పట్టుకున్నాడు. ఆమె భుజం పట్టేస్తే అతను కడ్డీ అందుకుని రుద్దాడు. 'డు' ముందు పోయింది. 'తు' మొండికేసింది. 'స్నే' పోవడానికి పూటంతా పట్టింది, నవత్తు మరీ లోతుగా దిగింది. మనిషికి మనిషి ఆనుకుని కూర్చుని ఇద్దరు స్నేహితులు స్నేహితుణ్ణి చెరపడానికి పడుతున్న తంటాలు చూసి వాళ్ళమ్మ రెండుసార్లు టీ ఇచ్చింది. మూడోసారి టీ తేలేదు, కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది.

"ఇంతకీ నువ్వు మా అమ్మాయికి ఏమవుతావు బాబూ?"

అతను కడ్డీ పక్కన పెట్టాడు. "ఇంకా ఏమీ అవలేదాంటీ. అవుదామనుకుంటున్నాం."

"'అనుకుంటున్నాం'లో ఏకవచనం, బహువచనం చూసి మాట్లాడు."

"బహువచనమే అమ్మా" అంది సూది, రేకు మీంచి తలెత్తకుండా.

ఆవిడ మీ తరఫున పెద్దవాళ్ళెవరున్నారని అడిగింది. అక్క, బావ ఉన్నారన్నాడు. ఆదివారం వాళ్ళని భోజనానికి రమ్మనంది. ఇద్దరా, పిల్లలున్నారా, బియ్యం ఎన్ని పోయాలో చూసుకోవాలి అంది. అంతే. దీవెనలకి ఆవిడ ఇంకేం మాటలు ఖర్చు పెట్టలేదు. వెళ్తూ వెళ్తూ అతని బుగ్గ మీద అంటిన సిరా మరక చూసి, తన కొంగుతో తుడిచింది.

సాయంత్రానికి పట్టీ చదునైంది. అయితే అక్కడ రాగి పలచబడి కాస్త గుంట పడింది. మళ్ళీ మైనం పూసి ఇంకో పేరు చెక్కితే రేకు తట్టుకోదు. అచ్చు తీస్తే బొమ్మ కింద ఏ అక్షరమూ లేదు, వాన వెలిశాక గోడ మీద మిగిలే తడిలాంటి పలచటి బూడిదరంగు నీడ మాత్రం ఉంది. వాళ్ళమ్మ ఆ కాగితాన్ని దీపం దగ్గర పెట్టి మూలమూలా చూసి, పేరు పెట్టడానికేం లేదు అంది. ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదటిసారని కూతురు చెప్పింది.

శుక్రవారం పదకొండింటికి ఇద్దరూ సంఘం ఆఫీసుకి వెళ్ళారు. గాజుపలక వేసిన కౌంటరు, అవతల ఒక గుమాస్తా, ఇవతల చంకల్లో అట్టలు పెట్టుకుని బారెడు లైను. వీళ్ళ వంతు వచ్చింది. గుమాస్తా బొమ్మ చూసి, కొలతలు రాసుకుని, అచ్చు కింద పేరు లేదేమిటండీ అన్నాడు. రేకు పలచబడిందని ఆమె చెప్పింది. అదంతా మాకు తెలీదు, ఫారంలో మాత్రం ఖాళీ వదలకూడదు, ఏదో ఒకటి రాయండి అని ఫారం, పెన్ను ముందుకి తోశాడు.

ఆమె గబగబా రెండు మాటలు రాసి ఫారం వెనక్కి తోసింది. పక్కన నిలబడ్డ అతనికి కనబడలేదు. గుమాస్తా గట్టిగా చదివాడు.

"మా ఆయన."

లైనులో వెనకవాళ్ళు ఒకరిద్దరు నవ్వారు. గుమాస్తా తలెత్తి బొమ్మనీ, బొమ్మ పక్కన చెవులు ఎర్రబడి నిలబడ్డ మనిషినీ మార్చి మార్చి చూశాడు.

"ఈయనేనాండీ?"

"ఈయనే."

"పెళ్ళెప్పుడైంది?" ఏదో పలకరింపుగా అడిగాడు.

"ఇంకా కాలేదు."

గుమాస్తా పెన్ను కింద పెట్టాడు. రూల్సు ప్రకారం వివరాలన్నీ నిజమని కింద సంతకం పెట్టాలండీ, కానిదాన్ని అయినట్టు రాస్తే రేపు నన్నంటారు అన్నాడు. అతని బాధ అతనిది.

"ఎగ్జిబిషన్ ఎప్పుడు తెరుస్తారు?" అని అడిగింది ఆమె.

"వచ్చే నెల ఇరవై."

ఆమె పక్కకి తిరిగింది. వెనకాల లైను, ముందు కౌంటరు, పైన ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.

"పందొమ్మిదిన నీకేమైనా పనుందా?"

"లేదు" అన్నాడు అతను.

ఆమె ఫారం కింద సంతకం పెట్టింది. గుమాస్తా దాన్ని తీసుకుని, తర్వాతివాళ్ళు రండి అన్నాడు.